మనసుకి ఫుల్ మార్కులు

సోమవారం పొద్దున ఆ ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. పొయ్యి మీద గుడ్లు ఉడుకుతూ ఉంటాయి. టోస్టర్లోంచి బ్రెడ్డు ముక్కలు పైకి ఎగురుతూ ఉంటాయి. నాయనమ్మ కళ్ళజోడు వెతుక్కుంటూ ఉంటుంది. కోడలు కళ్ళద్దాల షాపులో పని చేస్తుంది కాబట్టి ఆవిడకి మూడు కళ్ళజోళ్ళు ఉన్నాయి. మూడూ ఒకేసారి పోతాయి.

ఇంత హడావిడిలోనూ ఇంటాయన మాత్రం ఏదో పరీక్షకి వచ్చినవాడిలాగా కూతురి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. ఆయన కారు డ్రైవింగ్ నేర్పుతాడు. ఆయన దగ్గర నేర్చుకుని పరీక్ష తప్పినవాళ్ళు లేరని పేరు. అందరూ ‘మాస్టారూ’ అంటారు. కూతుర్ని ఆయన ముద్దుగా ‘ఉడత’ అంటాడు. చిన్నప్పుడు అన్నం తినమంటే బీరువా ఎక్కేసేదట. ఇప్పుడు ఆ ఉడతకి పదిహేనేళ్ళు. బీరువా ఎక్కట్లేదు గానీ అన్నం దగ్గర పేచీ అలాగే ఉంది.

ఆ ఏడాది స్కూలు వాళ్ళు కొత్తగా ఒకటి మొదలుపెట్టారు. పెద్ద క్లాసుల పిల్లలకి తలా ఒక ట్యాబ్ ఇచ్చారు. వారం వారం అందులో పది ప్రశ్నలొస్తాయి. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, ఊరికే భయం వేస్తోందా, మనసులో మాట చెప్పుకోడానికి ఎవరైనా ఉన్నారా, ఇలాంటివి. ఒక్కో ప్రశ్న కింద ఐదు మొహాలు. ఈ చివర ఏడుపు మొహం, ఆ చివర పళ్ళన్నీ కనపడేలా నవ్వే మొహం. పిల్లలు తమకి ఎలా ఉందో ఆ మొహాన్ని నొక్కాలి. ఇబ్బందిలో ఉన్నవాళ్ళకి అదే ట్యాబ్‌లో చిన్న చిన్న పాఠాలు, కౌన్సెలర్ మేడమ్‌తో మాటలు. ఈ వయసు పిల్లల మనసుల కోసం అని తల్లిదండ్రుల మీటింగులో విడమరిచి చెప్పారు. ఆ రోజు మాస్టారు ఆలస్యంగా వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. ఆయన చెవిన పడినవి రెండే మాటలు. ప్రశ్నలు, జవాబులు.

ఇంకేం? పరీక్ష అనుకున్నాడు. పాపం, ఆయన్ని అని ఏం లాభం? ప్రశ్న ఉందంటే దానికి కరెక్ట్ జవాబు ఒకటి ఉంటుందనే నమ్మకం మీదే కదా ఆయన ఇల్లు గడుస్తోంది!

“చదువు, ఉడతా. మొదటిది.”

“‘ఈ వారం నీకు నిద్ర ఎలా పట్టింది?’”

“ఇందులో ఆలోచించడానికేముంది? ఆ చివరిది.”

ఉడత చివరిది నొక్కింది.

“‘స్కూల్లో నీకు దగ్గరివాళ్ళు ఉన్నారని అనిపిస్తోందా?’” ఆ పిల్ల వేలు గాల్లో ఆగింది. “మధ్యది పెట్టనా నాన్నా?”

“మధ్యది పెడితే సగం మార్కులే వస్తాయి. నీకు ఫ్రెండ్స్‌కి ఏం తక్కువ? నువ్వు ఉండు, నీ చేతికి వెన్న అంటుకుంది.” ఆయనే నొక్కేశాడు.

నాయనమ్మ సోఫా కింద నుంచి తల పైకెత్తింది. “ఒరేయ్, నిద్ర దానిదయితే నొక్కుడు నీదేంట్రా?”

“అమ్మా, నీకు తెలీదు. ఇదంతా ఫైల్లోకి ఎక్కుతుంది. రేప్పొద్దున కాలేజీ వాళ్ళు తీసి చూస్తారు.”

“నీ నిద్ర ఎలా ఉందో చూసి నీకు పిల్లనిచ్చారా ఏంటి? గురక సంగతి ముందే తెలిస్తే ఈ అమ్మాయి వచ్చేదే కాదు.”

“అది మాత్రం నిజం అత్తయ్యా,” అంది వంటింట్లోంచి కోడలు.

పదో ప్రశ్న అయిపోగానే తెర మీద రంగురంగుల బెలూన్లు పైకి లేచాయి. మాస్టారు చప్పట్లు కొట్టాడు. “చూశారా! ప్రతి వారం బెలూన్లే! ఒక్క వారం కూడా తప్పలేదు!” ఆయన సంబరం చూసి ఉడత నవ్వింది. పళ్ళెంలో బ్రెడ్డు సగం అలాగే వదిలేసి బ్యాగు తగిలించుకుంది.

ఆ రోజు మొదటి క్లాసు నర్సమ్మది. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక కారు నేర్చుకుంటున్న పెద్దావిడ. నేర్చుకునేవాళ్ళ బండి అని పైన పెద్ద బోర్డు, మాస్టారి కాళ్ళ దగ్గర రెండో బ్రేకు. పరీక్ష పెట్టే దారి అంతా ఆయనకి నోటికొచ్చు. ఏ మూల దగ్గర ఇన్‌స్పెక్టర్ ఏం చూస్తాడో కూడా తెలుసు.

“ఇదిగో, ఈ మలుపులో ఆయన మీ తలకాయ వంకే చూస్తాడండీ. అద్దంలో చూశారా లేదా అని. మీరు తల ఇటు తిప్పండి చాలు.”

“తిప్పి?”

“తిప్పి ఏముంది, తిప్పడమే.”

“చూడొద్దా?”

“చూస్తే మంచిదే. చూడకపోయినా పాసైపోతారు.”

“పాసయ్యాక వెనకనుంచి లారీ వస్తే ఎవరికి చెప్పుకోను మాస్టారూ?” అంటూ నర్సమ్మ పకపకా నవ్వింది. నవ్వులో క్లచ్చు వదిలేసింది. బండి ఎగిరి ఆగింది. అప్పుడే ఫోన్ మోగింది.

స్కూలు కౌన్సెలర్ మేడమ్. మధ్యాహ్నం వీలు చూసుకుని ఇద్దరూ రాగలరా, అమ్మాయి గురించి మాట్లాడాలి అంది.

“బహుమతి అయుంటుందండీ,” అన్నాడు మాస్టారు నర్సమ్మతో, ఫోన్ జేబులో పెట్టుకుంటూ. “అన్ని వారాలూ ఫుల్ మార్కులు మరి.”

కౌన్సెలర్ గది చిన్నది. కిటికీలో ఒక మొక్క, టేబుల్ మీద కాగితం రుమాళ్ళ పెట్టె. మేడమ్ చిన్న వయసు మనిషే. మెత్తగా మాట్లాడుతుంది గానీ చూపు సూటిగా ఉంటుంది. భార్య షాపు బ్యాడ్జి కూడా తీయకుండా పరుగున వచ్చేసింది. మాస్టారు చొక్కా సర్దుకుని కూర్చున్నాడు.

“మీ అమ్మాయి జవాబులు మొదట్నుంచీ ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయండీ,” అంది మేడమ్.

మాస్టారి మొహం చాటంత అయింది. “కష్టపడ్డామండీ.”

“మా భయం కూడా అదేనండీ.”

“అదేంటి మేడమ్ అలా అంటారు?”

“ఈ వయసు పిల్లలకి ఒక వారం నిద్ర పట్టదు. ఒక వారం ఫ్రెండుతో చెడుతుంది. ఒక వారం ఏ కారణం లేకుండానే ఏడుపొస్తుంది. మళ్ళీ మామూలైపోతారు. ఏ వారమూ ఏమీ కాలేదని ఒక పిల్ల చెప్తోందంటే, అసలు చెప్పట్లేదన్నమాట.”

“మరి ప్రతిసారీ బెలూన్లు వచ్చాయి కదండీ?”

మేడమ్ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. గొంతు ఇంకా మెత్తబడింది. “ఏది నొక్కినా బెలూన్లు వస్తాయి సార్. అది మార్కులకి కాదు. జవాబు చెప్పినందుకు.”

భార్య మాస్టారి వంక చూడలేదు.

“అనుమానం వచ్చి ఇవాళ క్లాసులోనే ఇంకోసారి చెయ్యమన్నాం,” అంది మేడమ్. “అందరూ నొక్కేసి ఆటకి పోయారు. మీ అమ్మాయి ట్యాబ్ ముందు అలాగే కూర్చుంది. ఏం పెట్టాలో తెలీట్లేదంది. నీకెలా ఉంటే అలా పెట్టమ్మా అన్నాను. అప్పుడు నన్నొకటి అడిగింది. ‘మేడమ్, ఒక్కసారి మా నాన్నకి ఫోన్ చేసుకోనా? కరెక్ట్ జవాబు ఆయనకి తెలుసు’ అని.”

బయట గ్రౌండ్‌లో పిల్లలు ఆడుకుంటూ అరుస్తున్నారు.

“కరెక్ట్ జవాబంటూ ఏదీ లేదమ్మా అన్నాను. అంతే, ఏడ్చేసింది. చాలాసేపు ఏడ్చింది. తను చెప్పమన్నంతవరకే మీకు చెప్తున్నాను. చిన్నప్పట్నుంచీ కలిసున్న ముగ్గురు ఫ్రెండ్స్ తనని గ్రూపులోంచి తీసేశారు. ఎందుకో వాళ్ళూ చెప్పరు, తనకీ తెలీదు. భోజనం టైములో డబ్బాలో అన్నం పారబోసి, ల్యాబ్ వెనక మెట్ల మీద ఒక్కతే కూర్చుంటోంది. రాత్రుళ్ళు సరిగ్గా నిద్ర లేదు.”

తల్లి కాగితం రుమాలు ఒకటి లాక్కుంది. అది తడిసిపోయింది, ఇంకోటి లాక్కుంది. “రోజూ డబ్బా ఖాళీగానే తెస్తోంది మేడమ్. తింటోందనే అనుకున్నాను.”

మాస్టారికి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీక మేడమ్ మీద చూపించాడు. “అంటే మా పిల్లకి ఏదో జబ్బు అంటారా?”

“నేను అలా అనలేదు సార్. ఒంటరిగా బరువు మోస్తోంది, ఎవరైనా ఒక చెయ్యి వేయాలి అంటున్నాను. ట్యాబ్‌లో కొన్ని పాఠాలున్నాయి, వారానికోసారి నాతో మాట్లాడుతుంది. మీరు ఒప్పుకోవాలి. ఒక్క షరతు. తన జవాబులు మీకు కనిపించవు. ప్రమాదం అనిపిస్తే మాత్రం ఆ నిమిషమే మీకు చెప్తాం.”

“కన్నవాళ్ళకి కనిపించని జవాబులు పరాయివాళ్ళకి ఎందుకండీ?” మాస్టారు లేచి నిలబడ్డాడు. “ఆలోచించుకుని చెప్తాం.”

సాయంత్రం ఇంట్లో గొడవ మొదలైంది. ఉడత లోపల గదిలో ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. అందుకని ఇద్దరూ గొంతు తగ్గించి అరుచుకోవాలనుకున్నారు. గొంతు తగ్గించి అరవడం ఎవరి తరం?

“నేనేం తప్పు చేశానే? దాని మంచికే కదా చేసింది!”

“దాని మంచి కోసం దాని నోరు కుట్టేశారు.”

“కుట్టేశానా? రోజూ నవ్వించేవాణ్ణి నేను!”

“అదేనండీ నేననేది. మీకు నవ్వు మొహం తప్ప ఇంకోటి కనపడకూడదు. నాకు దగ్గొస్తే కూడా ‘ఏం లేదులే, ఏం లేదులే’ అంటారు. ఊళ్ళో వాళ్ళందరికీ చూపు సరిచేసి పంపుతాను, నా పిల్ల మొహం మాత్రం నాకు కనపడలేదు. నాదీ తప్పే. కానీ ఇప్పుడు ఆ మేడమ్ సాయం చేస్తానంటే మీరు లేచొచ్చేశారు చూడండి, అది మాత్రం నేను ఊరుకోను.”

“పరాయి మనిషి ముందు ఇంటి గుట్టు...”

“గుట్టేంట్రా?” నాయనమ్మ కర్రతో నేల మీద ఒక్కటి కొట్టింది. “పిల్ల ఏడిస్తే అది గుట్టా? నీ చిన్నప్పుడు నువ్వు పడితే నేనూ ‘తగల్లేదు, తగల్లేదు’ అనేదాన్ని. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతుంటే కూడా ‘తగల్లేదమ్మా’ అంటూ ఏడ్చేవాడివి. ఓదారుస్తున్నాననే అనుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే నువ్వు దానికీ అదే నేర్పావు. అమ్మాయీ, నువ్వు కూడా కాస్త ఆగు. ఇద్దరూ ఒకేసారి అరిస్తే నేను ఎవర్ని తిట్టాలి?”

తలుపు తెరుచుకుంది. ఉడత నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“అమ్మా, నాన్నని ఏమీ అనకు.”

“నువ్వు లోపలికెళ్ళమ్మా,” అన్నాడు మాస్టారు.

“వెళ్ళను.” ఆ పిల్ల గడప దాటి ముందుకొచ్చింది. “రెండో సోమవారం గుర్తుందా నాన్నా? అమ్మ స్నానానికెళ్ళింది. నిద్ర గురించి అడిగింది ట్యాబ్. నేను ఏడుపు మొహం నొక్కాను. నిజంగానే పట్టట్లేదు అప్పుడు. నువ్వు ‘ఇదేంటి, వేలు జారిందా?’ అన్నావు.”

మాస్టారికి గుర్తొచ్చింది. ఆ రోజు ఆ మాట నవ్వుతూనే అన్నాడు. అని, తనే వెనక్కి నొక్కి సరిచేశాడు.

“నేనూ నవ్వాను. అవును నాన్నా, జారింది అన్నాను. ఇంక ఆ తర్వాత ఎప్పుడూ జారనివ్వలేదు.”

“ఉడతా...”

“నువ్వేం చెడ్డగా అనలేదు నాన్నా. నాకు కోపం లేదు. బెలూన్లు రాగానే నువ్వు చప్పట్లు కొడతావు కదా, వారం మొత్తంలో నాకు బావుండేది అదొక్కటే. దాన్ని కూడా నేనే చెడగొట్టడం ఎందుకని...”

తల్లి వెళ్ళి దగ్గరికి తీసుకుంది. నాయనమ్మ కర్ర వదిలేసి రెండో వైపు నుంచి పట్టుకుంది. మాస్టారు మాత్రం ఉన్నచోటే సోఫా అంచు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ కూతుర్ని తను నవ్విస్తున్నాననుకున్నాడు. తన కోసం ఆ పిల్ల నవ్వుతూ వచ్చిందన్నమాట. మెట్ల మీద ఒక్కతే కూర్చుని, నిద్ర లేని కళ్ళతో పొద్దున్నే లేచి, నాన్న సంబరం చెడకూడదని నవ్వింది. ఆ పసి ప్రాణం అంత పెద్ద పని చేస్తుంటే తను పక్కనే కూర్చుని బ్రెడ్డుకి వెన్న రాశాడు.

ఆయన కళ్ళు తుడుచుకోలేదు. కారుతున్నాయని ఆయనకే తెలీదు.

“నాన్నా, ఏడుస్తున్నావా?”

లేదు, కంట్లో నలక పడింది అనబోయాడు. నాలిక చివరిదాకా వచ్చింది. “అవునమ్మా,” అన్నాడు.

కాసేపటికి లేచి ట్యాబ్ తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు. “నేను ఒప్పుకున్నట్టు ఎక్కడ నొక్కాలో చూపించు.”

“తర్వాత నా జవాబులు చూడవు కదా?”

“చూడను.”

“అడగవు కదా?”

ఇది కష్టమైన ప్రశ్న. దీనికి కరెక్ట్ జవాబు తెలుసు గానీ నోరు తిరగట్లేదు. “అడక్కుండా ఉండటానికి ప్రయత్నిస్తా.”

“నాన్నా!”

“సరే, సరే. అడగను.”

“అడిగితే నాకు చెప్పు తల్లీ,” అంది నాయనమ్మ. “ఈ కర్ర ఎందుకుంది మరి?”

ఏడుస్తూనే నలుగురూ నవ్వారు. ఆయన నొక్కాడు. ఈసారి బెలూన్లేమీ రాలేదు.

పడుకునే ముందు భార్యని అడిగాడు. “మరి దానికి ఎలా ఉందో నాకెలా తెలుస్తుంది?”

“అది చెప్తే తెలుస్తుంది.”

“చెప్పకపోతే?”

“చెప్పేదాకా ఉండాలి. ఎక్కడికీ పోకుండా దగ్గరే ఉండాలి, అంతే.”

ఇదేదో మంత్రం వేసినట్టు మర్నాటికల్లా బాగైపోయే వ్యవహారం కాదు. ఉడత సోమవారాలు ట్యాబ్ పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. గురువారం సాయంత్రాలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మేడమ్‌తో మాట్లాడేది. కొన్నిసార్లు ఎర్రటి కళ్ళతో బయటికొచ్చేది, కొన్నిసార్లు ఆకలేస్తోందంటూ వచ్చేది. మాస్టారికి మాత్రం కాళ్ళు నిలిచేవి కావు. ఒక గురువారం నిచ్చెన వేసుకుని ఆ గది ముందు బల్బు మారుస్తుంటే నాయనమ్మ పట్టేసుకుంది.

“ఆ బల్బు పోయిన వారమే కదరా మార్చావు?”

“వెలుగు తక్కువగా ఉందని...”

“దిగు. చెవులు పట్టుకుని మరీ దిగు.”

దిగాడు. దిగి వంటింట్లోకెళ్ళి అవసరం లేకపోయినా ఒక గిన్నె తోమాడు. అడగలేదు. అది మాత్రం ఒప్పుకోవాలి, ఒక్కసారి కూడా అడగలేదు. నర్సమ్మ క్లాసులో కూడా పద్ధతి మారింది. “తల తిప్పితే చాలదండీ, ఏం కనపడిందో నాకు చెప్పండి,” అనేవాడు. “ఒక కుక్క, ఒక సైకిలు, నా బుగ్గ మీద మచ్చ,” అని ఆవిడ వరసగా చదివేది.

ఒకరోజు పొద్దున వాన పడుతోంది. కూతుర్ని స్కూల్లో దింపడానికి కార్లో బయల్దేరాడు. దారి పొడుగునా ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆయన ఏదో జోకు వేయబోయి మానుకున్నాడు. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. మలుపు తిరగ్గానే దూరంగా స్కూలు గేటు కనపడింది.

“నాన్నా, గేటు కనపడగానే నాకు ఇక్కడ పట్టేసినట్టు ఉంటుంది,” అంది ఉడత, గుండెల మీద చెయ్యి పెట్టుకుని. “రోజూ.”

ఆయన నోట్లోకి ఒకేసారి బోలెడు మాటలు వచ్చాయి. ఏం కాదులే తల్లీ. నేనున్నాను కదా. వాళ్ళ సంగతి నేను చూస్తాను. అన్నీ గొంతులోనే ఆపుకున్నాడు. పెద్దవాళ్ళు కథ చెప్తుంటే చిన్నపిల్లలు ఎలా ఊఁ కొడతారో అలా, ఒకే ఒక్క మాట అన్నాడు.

“ఊఁ.”

ఉడత ఆయన వైపు తిరిగింది. ఇంకేమైనా అంటాడేమోనని చూసింది. ఆయన అనలేదు.

“మెట్ల దగ్గర నిన్న వాళ్ళలో ఒకమ్మాయి వచ్చి నిలబడింది. ఏం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మాట్లాడాలనిపించింది గానీ, మళ్ళీ తీసేస్తే?”

“ఊఁ.”

“మేడమ్ అంటుంది, భయం వేసినప్పుడు భయం వేస్తోందని పైకి చెప్పమని. ఎవరికైనా ఒకళ్ళకి. అందుకే నీకు చెప్తున్నా. నువ్వు వింటున్నావా?”

“ఊఁ. వింటున్నా.”

ఆ పిల్ల చెప్తూనే ఉంది. కళ్ళు తుడుచుకుంటూ, మధ్యలో ముక్కు ఎగబీలుస్తూ, ఒకచోట ఎందుకో ఫక్కున నవ్వుతూ చెప్తూనే ఉంది. బండి గేటు దగ్గరికొచ్చింది. గొడుగులు, రెయిన్‌కోట్లు, హారన్లు. ఇన్నేళ్ళ సర్వీసులో మాస్టారు దారి తప్పింది లేదు, ఆగాల్సినచోట ఆగకుండా పోయింది లేదు. ఆ రోజు మాత్రం బండి ఆ గేటు ముందునుంచి మెల్లగా, తాపీగా ముందుకు వెళ్ళిపోయింది.

“నాన్నా! స్కూలు దాటిపోయింది!”

“తెలుసమ్మా.”

“మళ్ళీ అంతా చుట్టూ తిరిగి రావాలి. లేటైపోతుంది.”

“తిరుగుదాం,” అన్నాడు మాస్టారు, రోడ్డు వంకే చూస్తూ. “ఊఁ, తర్వాత?”